పెట్టెకి ముందు సర్వలఘువు నేర్పు

విజయవాడ,
ఆదివారం రాత్రి

అమ్మలూ,

మీ అమ్మ పొద్దున ఫోన్ చేసింది. ఉద్యోగం మానేస్తున్నావట. పారిస్‌లో పరిశోధనకి సీటొచ్చిందట. నీ వయొలిన్ విని, అక్కడికక్కడే కల్పన స్వరాలతో బదులు చెప్పే యంత్రం కడతావట. మీ అమ్మ గొంతులో సగం భయం, సగం సంబరం. "నువ్వే ఏదో ఒకటి చెప్పు అన్నయ్యా, ఇది నీ లైనే కదా" అంది. ఫోన్ పెట్టేశాక కాఫీ చల్లారేదాకా అలాగే కూర్చుండిపోయాను. మా మేనకోడలు అని పక్కింటాయనకి రెండుసార్లు చెప్పుకున్నాను కూడా. మధ్యాహ్నం అయ్యేసరికి మాత్రం గుబులు పట్టుకుంది. అటక మీదున్న పాత పెట్టె, ఒకప్పుడు నేనే కట్టిన అలాంటి యంత్రం, గుర్తొచ్చింది. దాని సంగతి ఇంట్లో ఎవరికీ పూర్తిగా చెప్పలేదు, నీకు కూడా. ఇప్పుడు చెప్పాలి.

సులువైనవి ముందే చెప్పేస్తాను. వయొలిన్ లగేజీలో వెయ్యకు, చేత్తో పట్టుకెళ్లు. చలికోటు అక్కడే కొనుక్కో. ఇంటి అద్దె కాగితాన్ని ఫ్రెంచి వచ్చినవాళ్ల చేత చదివించుకున్నాకే సంతకం పెట్టు. కోడ్ రోజూ రెండు చోట్ల దాచు.

ఇక అసలు సంగతి. ఈ దారిలో నీకన్నా ముందు నడిచినవాళ్లున్నారు, అదొక ధైర్యం. 1980లలోనే లక్నోలో బెర్నార్డ్ బెల్, జిమ్ కిప్పెన్ అనే ఇద్దరు తబలా ఖాయదాలకి, అంటే ఒక వరసని మార్చి మార్చి వాయించే రచనలకి, వ్యాకరణం రాశారు. బోల్ ప్రాసెసర్ అని పేరు, బోల్ అంటే తబలా దెబ్బకి పలికే మాట. యంత్రం పుట్టించిన బోల్‌లని ఉస్తాద్ అఫాక్ హుస్సేన్ ఖాన్ ముందు పెడితే, ఇది చెల్లుతుంది, ఇది చెల్లదు అని ఆయన తేల్చేవారు. చెల్లదన్నప్పుడు వీళ్లు వ్యాకరణం దిద్దుకునేవాళ్లు. తీర్పు చెవికి వదిలిపెట్టారు చూడు, అందుకే ఆ పనంటే నాకు గౌరవం. అదే దశాబ్దంలో ట్రాంబోన్ వాయించే జార్జ్ లూయిస్ 'వాయేజర్' రాశాడు. అది ఎదుటివాడిని వింటుంది, ఎదుటివాడు ఊరుకుంటే తన పాట తను పాడుకోగలదు కూడా. తర్వాత 2000ల మొదట్లో పారిస్‌లోనే ఫ్రాన్స్వా పాషే 'కంటిన్యుయేటర్' చేశాడు. మనం ఒక ముక్క వాయించి ఆపితే, మన బాణీలోనే అది అందుకుంటుంది. వీటి మీద వచ్చిన పేపర్లు నువ్వు ఎలాగూ చదువుతావు. నేను చెప్పదల్చింది ఫ్యాక్టర్ ఒరాకిల్ అనే పద్ధతి గురించి, ఎందుకంటే నువ్వు చివరికి దాని దగ్గరికే వెళ్తావని నా నమ్మకం.

దాన్ని పుట్టించింది సంగీతం కోసం కాదు. పెద్ద పాఠంలో ఒక మాట ఎక్కడుందో తొందరగా వెతకడానికి అలోజెన్, క్రోషెమోర్, రఫినో అనే ముగ్గురు 1999లో చేశారు. 2004లో జెరార్ అసయాగ్, ష్లోమో డుబ్నోవ్ దాన్ని మనోధర్మానికి, అంటే అప్పటికప్పుడు అల్లి వాయించడానికి, వాడొచ్చని చూపించారు. పారిస్‌లోని సంగీత పరిశోధన సంస్థ ఇర్కామ్‌లో పుట్టిన ఓమ్యాక్స్ అనే సిస్టమ్ దాని మీదే నిలబడింది. పేపర్ చదివే ముందు ఒక తెల్లకాగితం, పెన్సిలు తీసుకుని కూర్చో. నేను అలాగే అర్థం చేసుకున్నాను.

మోహనలో గ ప గ ప ద అని ఐదు స్వరాలు వాయించావనుకో. సున్నా నుంచి ఐదు దాకా ఆరు గుండ్రాలు వరసగా గియ్యి. ఒక్కో స్వరానికీ ఒక్కో బాణం ముందుకి. ఇప్పుడు నాలుగో గుండ్రం దగ్గర ఆగి వెనక్కి చూడు. ఇప్పటిదాకా విన్నది గపగప. చివరనున్న గప ఇంతకుముందు ఒకసారి వచ్చింది, అది రెండో గుండ్రం దగ్గర ముగిసింది. అందుకని నాలుగు నుంచి రెండుకి ఒక వెనక లంకె. యంత్రం వాయిస్తూ నాలుగు దాకా వచ్చి, ద కి పోకుండా ఆ లంకె పట్టుకుని రెండుకి దూకి, అక్కడినుంచి గపద అందుకుంటే ఏమవుతుంది? గపగపగపద. నువ్వు వాయించలేదు, అయినా నీదే. చిన్నప్పుడు నీకు స్వరకల్పన ఎలా అబ్బిందో తల్చుకో. వాయించిన ముక్క దగ్గరికే తిరిగొచ్చి ఈసారి ఇంకోలా సాగడమే కదా అది. ఆ కాగితం మీద ముందుకి పోయే బాణాలు మొత్తం ఎనిమిది వస్తాయి, గీసి లెక్కపెట్టుకో. ఎన్ని స్వరాలు విన్నా గుండ్రాలు వాటికన్నా ఒక్కటే ఎక్కువ, బాణాలు రెట్టింపు కూడా కావు. గంటసేపు విన్నా కూడా మెమరీ అదుపులోనే ఉంటుంది. నేను కుస్తీ పట్టిన రోజుల్లో ఇది ఉండుంటే ఎంత బాగుండేదో.

కానీ రెండు చోట్ల జాగ్రత్త. ఒకటి, అది విన్న ప్రతి ముక్కనీ ఒప్పుకుంటుంది కానీ విననివాటిని కూడా కొన్నిటిని ఒప్పుకుంటుంది. అక్కడి సంగీతంలో దాన్ని సృజన అంటారేమో. మన దగ్గర ఒక్క అపస్వర ప్రయోగం పడితే ముందు వరసలో కూర్చున్న పెద్దలు తల తిప్పేసుకుంటారు. కాబట్టి ఒరాకిల్ ఒక్కదాన్నీ నమ్మకు. రాగానికి కాపలా వేరేగా పెట్టు.

రెండోది ఇంకా ముఖ్యం. నీ యంత్రానికి అక్షరం అంటే ఏమిటి? స రి గ మ ప ద ని అని ఏడు అక్షరాలు ఇచ్చేసి ఊరుకుంటావేమోనని నాకు బెంగ. భైరవి తీసుకో. ఎక్కేటప్పుడు చతుశ్రుతి ధైవతం, దిగేటప్పుడు దానికన్నా కింద ఉండే శుద్ధ ధైవతం. రెండింటినీ ద అనే రాసుకుంటే, స ని ద అని దిగుతున్న యంత్రం ఆ ఒక్క 'ద' చూసి ఇంకెక్కడో ఉన్న 'ప ద ని' దగ్గరికి దూకుతుంది. శుద్ధ ధైవతం పట్టుకుని పైకి ఎక్కుతుంది. అది భైరవి కాదు, ఏదీ కాదు. తప్పు ఒరాకిల్‌ది కాదు, అక్షరాలు పెట్టినవాళ్లది. ఆ రెంటికీ రెండు అక్షరాలు పెట్టు. గమకానికి, అంటే స్వరం ఊగే తీరుకి, కాలానికి కూడా అక్షరంలో చోటు ఉండాలి. ఎంత చోటన్నది నీ చెవే చెప్పాలి. ఈ పని మీద ఆరు నెలలు పోయినా పోనీ, గైడ్ తొందరపెట్టినా సరే.

ఇక్కడ ఇంకో మాట. స్వరం ఒక్కటి కొత్తగా చేరినప్పుడు ఒరాకిల్‌కి పడే పని సగటున చాలా తక్కువ అని పుస్తకాల్లో ఉంటుంది. ఆ 'సగటున' దగ్గర ఒక్క క్షణం ఆగు. స స స స స స అని జపంలా ఒకే స్వరం చాలాసేపు వాయించి, టక్కున రి కి వెళ్లావనుకో. ఆ ఒక్క రి కోసం అది వెనక లంకెలన్నీ ఒక్కొక్కటే దిగి మొదటిదాకా వెళ్లాలి. మొత్తం మీద సగటు బాగానే ఉంటుంది, కానీ ఆ ఒక్క స్వరం దగ్గర మోత పడుతుంది. ఈనాటి కంప్యూటర్లకి అదొక లెక్కా మావయ్యా అంటావు. ఈ ఒక్కదానికీ కాకపోవచ్చు. కానీ నువ్వు దాని మీద కట్టబోయే ప్రతిదానికీ ఇదే ప్రశ్న వేసుకో: సగటు ఎంత అని కాదు, ఎంత పాడుగా పోతే ఎంత పడుతుంది అని. ఇది నాకు పుస్తకం నేర్పలేదు.

1997లో నేను బెంగుళూరులో ఉండేవాణ్ణి. పగలు ఫ్యాక్టరీ మిషన్లకి రియల్‌టైమ్ ప్రోగ్రాములు రాసే ఉద్యోగం, రాత్రిళ్లు ఈ పెట్టె. కీబోర్డ్ మీద నా స్నేహితుడు స్వరాలు వాయిస్తే మిడి తీగ ద్వారా పెట్టెకి అందేవి. పెట్టె విని, తన వంతు రాగానే సింథసైజర్ మీద బదులిచ్చేది. తాళం దానికి ఎలా తెలియాలి? నా కాలి కింద ఒక పెడల్. సమం, అంటే తాళం మొదటి దెబ్బ, పడ్డ ప్రతిసారీ నేను నొక్కాలి. నొక్కిన సమయాలని బట్టి వచ్చే సమం ఎప్పుడో అది అంచనా కట్టుకునేది. నాకు అన్నిటికన్నా గర్వం దాని ముక్తాయి. ఒకే ముక్క మూడుసార్లు, మధ్యలో రెండు విరామాలు, కచ్చితంగా ఎత్తుగడకి, అంటే పల్లవి అందుకునే చోటికి, వచ్చి పడాలి. ఆది తాళంలో ఆవర్తనానికి, అంటే ఒక చుట్టుకి, ఎనిమిది దెబ్బలు, దెబ్బకి నాలుగు చొప్పున 32 అక్షరాలు; ఇక్కడ అక్షరం అంటే కాలం ముక్క. పల్లవి సమానికి ఎత్తుకుంటే ముక్క పది, విరామం ఒకటి, లేదా ముక్క ఎనిమిది, విరామం నాలుగు. ఇలా లెక్క కుదిరినవాటిల్లో రాగానికి సరిపడే స్వరాలు ఏవో వెతికి, చివరి స్వరం పల్లవి మొదటి స్వరంలో కలిసేలా చూసి, అప్పుడు వాయించేది. ఇంట్లో నలభైసార్లు చూసుకున్నాం. ఒక్కసారి తప్పలేదు.

ఆ డిసెంబరులో విజయవాడలో ఒక చిన్న సభలో కచేరీ పెట్టించాను. మృదంగం మా మాస్టారు. నేను ఎనిమిదో ఏట ఆయన దగ్గర చేరాను, చదువు కోసం పదిహేనో ఏట మానేశాను. పెట్టెతో వాయించమంటే ఆయన ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. "ఎన్నింటికి రావాలి?" అన్నారంతే.

మొదటి రెండు కృతులూ బాగా జరిగాయి. మూడోది బేగడ. పల్లవి సమానికి కాదు, ఒకటిన్నర దెబ్బ తర్వాత ఎత్తుగడ. సమం నుంచి అక్కడికి 38 అక్షరాలు: ముక్క పది, విరామం నాలుగు. పెట్టెకి ఆ లెక్క వచ్చు, నేనే రాశాను. కానీ మేం ఇంట్లో చూసుకున్నవన్నీ సమానికి ఎత్తుగడవే, వంకర లేని రాగాలే. బేగడలో స్వరాలు నిటారుగా ఎక్కవు, గరిగమ అంటూ వెనక్కి వచ్చి ముందుకి పోవాలి. దారి దొరక్క పెట్టె వెతుకుతూనే ఉంది. దొరికాకే వాయించు అని రాసింది నేనే. దొరక్కపోతే ఏం చెయ్యాలో ఒక్క లైను కూడా రాయలేదు.

దాని వంతు వచ్చింది. మౌనం. నిమిషానికి 72 దెబ్బల నడక, ఆవర్తనం ఆరున్నర సెకన్ల పైమాటే. ఒక పూర్తి ఆవర్తనం మౌనంగా గడిచింది. నా అరచేతులు చెమటతో తడిసిపోయాయి. మాస్టారు మాత్రం సర్వలఘువులో, అంటే సాదా నడకలో, నడిపించేస్తున్నారు, ఈ మౌనం కూడా పాటలోదే అన్నంత నిమ్మళంగా. అప్పుడు పెట్టెకి జవాబు దొరికింది. దొరికిందే తడవు ఎక్కడుంటే అక్కడ మొదలుపెట్టేసింది, ముక్తాయి అద్భుతమైనదే. కానీ అది పడబోయేది పల్లవి మీద కాదు, పల్లవి దాటి మూడు దెబ్బల తర్వాత. మాస్టారు మొదటి పది అక్షరాలూ చెయ్యి తేలిక చేసి విన్నారు. నాలుగు విరామం విన్నారు. రెండో పదిలో దానితో కలిసిపోయారు. మూడో పది కలిసే ముగించారు. ఎత్తుగడకి ఇంకా ఐదు దెబ్బలుంది, ఇరవై అక్షరాలు. ఆగకుండా ఆరు, ఒకటి, ఆరు, ఒకటి, ఆరు అని ఒక చిన్న తీర్మానం, అంటే మృదంగం మీద ముక్తాయి లాంటిది, కట్టి నా స్నేహితుణ్ణి తిన్నగా పల్లవి మీద దించారు. సభ చప్పట్లు కొట్టింది. ఏం జరిగిందో చాలామందికి తెలియను కూడా తెలియదు.

నా తప్పు ఇంతవరకు జరిగిందే అనుకుంటున్నావేమో. కాదమ్మా. కచేరీ అయ్యాక వెనక గదిలో నిర్వాహకులు, ఊళ్లో నలుగురు పెద్దలూ ఉన్నారు. అక్కడక్కడ మధ్యలో ఏదో తేడా వచ్చిందని ఒకాయన అన్నారు. నేను టెన్షన్‌లో ల్యాప్‌టాప్ తెరిచి పెట్టె రాసుకున్న చిట్టా చూపించాను. నిమిషానికి 72 ఉన్నది మూడో కృతిలో 75కి పోయినట్టు అందులో ఉంది. "చూడండి, మాస్టారు లయ లాగారు, అందుకే పెట్టె అంచనా తప్పింది" అన్నాను. మాస్టారు ఆ గదిలోనే ఒక మూల చాప మీద కూర్చుని, మృదంగం ఎడమ మూతకి అంటించిన రవ్వని చిన్న చెంచాతో గీకి తీస్తున్నారు. తలెత్తలేదు. రవ్వంతా తీసి, తడిగుడ్డతో తోలు తుడిచి, గుడ్డ పిండి, మడిచి సంచిలో పెట్టుకుని, "వస్తాను నాయనా" అని వెళ్లిపోయారు.

బెంగుళూరు వెళ్లాక క్యాసెట్ పెట్టుకుని విన్నాను. స్టాప్‌వాచ్ పట్టుకుని ఆవర్తనం ఆవర్తనం కొలిచాను. మృదంగం 72 నుంచి కదల్లేదు. 75 అని రాసి ఉన్నది పెడల్ నొక్కినవాడి కాలు. అంటే నాది. పెట్టె ఆగిపోతుందేమోనన్న భయంతో నేనే తొందరపడ్డాను. ఆ తొందరని తీసుకెళ్లి నలుగురి ముందు ఆయన నెత్తిన పెట్టాను. నాకు తాళం వెయ్యడం నేర్పిన మనిషి నెత్తిన.

నెల తర్వాత వెళ్లి ఆయన కాళ్ల మీద పడ్డాను. లేపి కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించారు. చాలాసేపటికి అన్నారు: "నీ పెట్టె లెక్క తప్పలేదు నాయనా. జవాబు సిద్ధంగా లేనప్పుడు ఏం చెయ్యాలో దానికి నువ్వు చెప్పలేదు. కచేరీకి పంపే ముందు పిల్లలకి మేం గట్టిగా నేర్పేది అదే." మళ్లీ తీసుకురా, కలిసి చూద్దాం అన్నారు. తర్వాత కూడా రెండుసార్లు కబురు పెట్టారు. నేను సిగ్గుతో పెట్టెని అటక ఎక్కించాను, తీసుకెళ్లలేదు. ఆయన పోయి పద్నాలుగేళ్లయింది. ఆ రెండు కబుర్లూ నాకు ఇప్పటికీ ముల్లులా ఉన్నాయి.

అందుకే నువ్వు ఒరాకిల్ కన్నా ముందు, ముక్తాయి కన్నా ముందు, సర్వలఘువు రాయి. పెట్టె ఏ క్షణంలో తెల్లమొహం వేసినా వాయించడానికి ఒక సాదా నడక దాని చేతిలో ఉండాలి. దాని తర్వాత ఇంకొంచెం మంచిది, దొరికితే ఇంకా మంచిది. వెతుకులాట ఎక్కడ ఆపినా అప్పటిదాకా దొరికినదాంట్లో మేలైనది చేతిలో ఉండాలి. 32కి, అరదెబ్బ ఎత్తుగడైతే 34కి, ఒకటిన్నరైతే 38కి ముక్తాయిలు ముందే కట్టి పట్టికలో పెట్టుకో. వేదిక మీద కూర్చుని మొదటి నుంచి వెతకడం దేనికి?

ఇదే మాటని లెక్కల భాషలో చెప్పినవాళ్లున్నారని తర్వాత తెలిసి నాకు ఒళ్లు పులకరించింది. ఎన్‌టీసీసీ అని ఒక కాల్క్యులస్, అంటే పనులు ఎలా నడవాలో రాసే లెక్కల భాష, ఉంది. కాలాన్ని చిన్న చిన్న గడులుగా కోస్తుంది, మన అక్షరకాలం లాగా. ఒకేసారి చాలా పనులు నడుస్తాయి. ఒకటి తనకి తెలిసింది నలుగురికీ చెబుతుంది, ఇంకోటి అడిగి, ఆ కబురు ఉంటేనే కదులుతుంది. 2006లో కామిలో రుయెడా, అసయాగ్, డుబ్నోవ్ ముగ్గురూ ఒరాకిల్‌ని ఈ భాషలో రాశారు. నేర్చుకోవడం ఒక పని, వాయించడం ఒక పని, రెండూ పక్కపక్కనే సాగుతూ ఒకదానికోసం ఒకటి ఎక్కడ ఆగాలో స్పష్టంగా రాసి ఉంటుంది. సగం కట్టిన గుండ్రం మీద వాయించే పని కాలు పెట్టకూడదు కదా. ఆ భాషలో నాకు ప్రాణమైన మాట ఒకటుంది: ఈ గడిలో ఆ కబురు రాకపోతే, వచ్చే గడిలో ఈ పని చెయ్యి. మాస్టారు చెప్పింది అక్షరాలా ఇదే. నువ్వు ఏ మోడల్ ఎంచుకున్నా సరే, దాంట్లో 'రాకపోతే' అని రాయడానికి చోటుందా లేదా అని ముందు చూడు. లేకపోతే అది కాగితం మీద ఎంత అందంగా ఉన్నా నాకు నమ్మకం లేదు.

అయితే ఒక్కటి. కాగితం మీద గడిలో పని గడిలోనే అయిపోతుందని అనుకుంటాం. నిజం కంప్యూటర్ అలాంటి మాట ఇవ్వదు. సౌండ్ కార్డు సెకనుకి 44,100 సార్లు కొలిచి, 256 చొప్పున అందిస్తుందనుకో. నీ ప్రోగ్రాముకి ప్రతిసారీ ఉన్న గడువు ఆరు మిల్లీసెకన్ల లోపే. ఆ దారిలో మెమరీ అడక్కు, ఫైలు రాయకు, ఇంకో పని లాక్ వేసి పెట్టుకున్న డేటా కోసం కాచుకోకు. 1997లోనే అంగారకుడి మీద దిగిన నాసా నౌక పాత్‌ఫైండర్ మళ్లీ మళ్లీ రీసెట్ అయింది ఇలాంటి దానివల్లే. వాతావరణం కొలిచే చిన్న పని అలాంటి ఒక లాక్ పట్టుకుని కూర్చుంటే, ముఖ్యమైన పని దాని కోసం కాచుకుని గడువు దాటేసింది. నీ వయొలిన్ మంద్ర షడ్జం 150 హెర్ట్జ్ అనుకుంటే ఒక్క కంపనానికే ఆరేడు మిల్లీసెకన్లు. రెండు మూడు వినందే అది స అని ఎవరూ చెప్పలేరు. అంటే నీ పెట్టె ఎప్పుడూ కాస్త వెనకే ఉంటుంది. దానికి కంగారు పడకు. రెండు మీటర్ల దూరంలో కూర్చున్న మృదంగం నాదం నిన్ను చేరడానికీ ఆరు మిల్లీసెకన్లు పడుతుంది, మనుషులు దాంతోనే వాయిస్తున్నారు. ఎలా? వచ్చే దెబ్బ ఎక్కడో లోపల ముందే తెలిసి ఉంటుంది కాబట్టి. విని పరిగెత్తే పెట్టె చెయ్యకు, ముందే ఎదురుచూసే పెట్టె చెయ్యి.

చిట్టాలు రాసుకో, కానీ చిట్టా పట్టుకుని ఒక విద్వాంసుడి మీద తీర్పు చెప్పకు. ముందు రికార్డింగ్ విను. అది ఒప్పుకున్నాక కూడా ఒక రాత్రి ఆగి మాట్లాడు.

ఇంకొకటి, నెల రోజులుగా నువ్వు వయొలిన్ పెట్టె తియ్యలేదని మీ అమ్మ చెప్పింది. అది నాకు ఎంతమాత్రం నచ్చలేదు. వీసా పనులు, ప్యాకింగు అని సాకులు చెప్పకు. సాధన ఆపేసినవాళ్లకి యంత్రం వాయించేది అంతా బాగానే వినిపిస్తుంది. నాకు అదే జరిగింది. ఏడేళ్లు మృదంగం ముట్టకుండా ఆ పెట్టె కట్టాను కాబట్టే నా కాలు పరిగెత్తుతున్న సంగతి నాకు తెలియలేదు. నీ ఆరో ఏట ఆ పెళ్లి కచేరీలో నా ఒళ్లో కూర్చుని నా మోకాలి మీద తాళం వేశావు. చిటికెన వేలు, ఉంగరం వేలు, నడిమి వేలు తప్పకుండా లెక్కపెడుతూ, మధ్యలో నిద్రలోకి జారిపోయావు. వేళ్లు మాత్రం ఇంకో రెండు దెబ్బలు పడ్డాయి. ఆ వేళ్లని కాపాడుకో తల్లీ. నీ పెట్టెకి గురువువి నువ్వే కదా.

బయల్దేరే ముందు విజయవాడలో ఒక్కరోజు దిగు. అటక మీంచి పెట్టె దింపించి పెడతాను. మాస్టారు ఆ రోజు కట్టిన ఇరవై అక్షరాల తీర్మానం క్యాసెట్లోంచి రాసుకున్న కాగితం నా దగ్గరుంది, అది నీకిస్తాను. నువ్వు బేగడ వాయించు, ఒకటిన్నర ఎత్తుగడతో. తాళం నేను వేస్తాను.

ఇట్లు,
మావయ్య

తా.క. హెడ్‌ఫోన్స్‌లో క్లిక్ పెట్టుకుని గంటల తరబడి పరీక్షలు చెయ్యాల్సి వస్తుంది. సౌండ్ తగ్గించే పెట్టుకో, గంటకోసారి తీసి పక్కన పెట్టు. నేను పెట్టుకోలేదు. ఇప్పుడు నా ఎడమ చెవిలో పగలూ రాత్రీ ఒకటే హోరు. నిశ్శబ్దమైన ఇంట్లో తంబూర శ్రుతి చేసుకుందామన్నా ఆ హోరు మధ్యలోనే వెతుక్కోవాలి. ఈ ఒక్క మాట మాత్రం మీ అమ్మకి చదివి వినిపించకు, కంగారు పడుతుంది.